చెల్లె వీపుకు కట్టిన నీలం డబ్బా

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలంలో నేను పడ్డంత భయం ఆ తరవాత ఎన్నడూ పడలేదు, పురిటి నొప్పులప్పుడు కూడా పడలేదు. ఆ భయం మా ఇంటికి బహుమతిగా వచ్చింది. సెలవుల్లో ఈతకు పనికొస్తుందని మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, కంపెనీ నుంచి తెచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా అది. అప్పటికి నాకు పదేళ్లు, మా చెల్లెకు ఆరు.

మా ఊరి నుంచి గడ్డపోతారానికి నడిచి పోవచ్చు. మా పొలాల పక్కన అప్పుడప్పుడే మందుల కంపెనీలు లేస్తున్నాయి. భూమి అమ్ముకున్నవాళ్లు కొందరు, అమ్మకుండా పట్టుకు కూర్చున్నవాళ్లు కొందరు. మా తాత పట్టుకు కూర్చున్న రకం. ఆయన చిన్న కొడుకు మాత్రం నాగలి వదిలేసి కంపెనీలో చేరాడు. చేరిన రోజు నుంచి మా చిన్నాయనకు కొత్త చెప్పులు, కొత్త గడియారం, కొత్త మాటలు వచ్చాయి. మా ఇద్దరి మీదా ఆయనకు ప్రాణం. డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి లేకుండా గడప తొక్కేవాడు కాదు.

ఆ రోజుల్లో మా ఊళ్లో కంపెనీ డ్రమ్ము లేని ఇల్లు లేదు. కంపెనీలు ఖాళీ చేసి పారేసిన డ్రమ్ములూ డబ్బాలూ పాత సామాను దుకాణాల్లో చవగ్గా దొరికేవి. వాటిలో తాగే నీళ్లు పోసుకునేవాళ్లం, వడ్లు పోసుకునేవాళ్లం, పచ్చళ్లు కూడా పెట్టిన మహాతల్లులు ఉన్నారు. కొత్త డ్రమ్ము ఇంటికి రాగానే ఆడవాళ్లు చింతపండూ బూడిదా పెట్టి పరపరా తోమి, మూడు రోజులు ఎండలో ఉంచి, తరవాత తల లోపలికి పెట్టి వాసన చూసేవాళ్లు. వాసన లేకపోతే మంచిదని ఇంట్లోకి తెచ్చుకునేవాళ్లు. వాసన వస్తే ఇంకోసారి చింతపండు. ఊరంతటికీ తెలిసిన పరీక్ష అదొక్కటే. అప్పటికి కళ్ల ముందు ఎవరికీ ఏమీ కాలేదు కనుక అదే సరైన పరీక్ష అనుకున్నాం.

ఇక ఎండాకాలం సామాను మాట. ఇప్పటి పిల్లలకు టోపీలు, కళ్లద్దాలు, నీళ్ల సీసాలు, గాలి ఊదిన బాతులు. మాకు నెత్తికి తడి తువ్వాల, కాళ్లకు టైరు చెప్పులు, ఈతకు ఎండిన ఆనపకాయ బుర్ర. ఈ మూడింటినీ చూసుకునేది మా తాతే. కొట్టం మీది తీగకు రెండు కాయలు కోయకుండా వదిలేసి, అవి ఎండి గలగలలాడాక గింజలు తీసి, రంధ్రానికి మైనం పెట్టి మూసేవాడు. తన పాత ధోతిని పట్టీలుగా చింపి దానితో మా వీపులకు కట్టేవాడు. కట్టే ముందు ప్రతి ఏడూ తాను కట్టుకుని బావిలోకి దిగేవాడు. అంత మీసాల మనిషి వీపున బుర్ర కట్టుకుని నీళ్లలో తేలుతుంటే మేం మెట్ల మీద పడి పడి నవ్వేవాళ్లం. ఆయన మాత్రం బీడీ కాల్చినంతసేపు అలాగే ఉండి, పైకి వచ్చి, "నన్ను మోసిందంటే మిమ్ముల మోస్తది" అనేవాడు.

ఆ ఏడు ఒక బుర్రను ఎలుక కొరికేసింది. మిగిలిన ఒక్కటీ నాకు వచ్చింది, పెద్దదాన్ని కదా. మా చెల్లె రెండు రోజులు అన్నం ముట్టకుండా ఏడ్చింది. చిన్నాయన దాన్ని భుజాన వేసుకుని, "ఏడువకు బిడ్డా, ఆ బుర్ర ఏం బుర్ర, నీకు బంగారమసొంటిది తెస్త సూడు" అన్నాడు. మర్నాడు తెచ్చిందే ఆ డబ్బా. పైన పట్టుకోవడానికి పిడి, దాని పక్కనే తిప్పి బిగించే నల్ల మూత. చింతపండు పెట్టి ఆయనే నాలుగుసార్లు కడిగాడు, వాసన చూశాడు, మా అమ్మతోనూ చూపించాడు. ఎండలో అది నిగనిగలాడుతుంటే నా బుర్ర నాకే చిన్నతనంగా కనిపించింది. నిజం చెప్తున్నాను, నాకు కడుపు మండింది.

మా తాత డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మూత తీసి కొట్టం మీద బోర్లించాడు. "మూడు దినాలు ఎండనీయుండ్రి. నేను కట్టుకొని దిగినంకనే పిల్లలకు" అన్నాడు. చిన్నాయనకు మనసు చివుక్కుమంది. తాను కడిగింది నమ్మడం లేదనుకున్నాడు కాబోలు, చెప్పులేసుకుని డ్యూటీకి పోయాడు.

నేను ఒక్క రోజు ఆగాను. రెండో రోజు మధ్యాహ్నం తాత గడ్డికి పోయి, ఇంట్లోవాళ్లు కునుకు తీస్తుంటే కొట్టం మీదికి ఎక్కి డబ్బా దించాను, మూత తిప్పి పెట్టాను, చెల్లెను తీసుకుని మా పొలం బావికి పోయాను. "తాతకు చెప్పినవా అక్కా?" అని అడిగింది. "చెప్పినలే, నడు" అన్నాను.

ఈ మాట రాయడానికి ఇన్నేళ్ల తరవాత కూడా చేయి వెనక్కి పోతోంది. ఆ డబ్బాను నేను కట్టుకుందామనుకున్నాను. కానీ నాకు భయమేసింది. అది మునుగుతుందేమో, తేలుతుందేమో తెలియదు. ముందు చెల్లెకు కడదాం, బాగా తేలితే బుర్ర దానికిచ్చి డబ్బా నేను తీసుకుందాం అని లెక్క వేసుకున్నాను. అది మా చెల్లె అని, దానికి ఈత రాదని నాకు తెలియక కాదు. సంచులు కుట్టే సుతిలి దాని ఛాతీ చుట్టూ రెండు చుట్లు తిప్పి, వీపు మీద డబ్బా ఆనించి, మోకాలు అడ్డం పెట్టి లాగి పీటముడి వేశాను. ఊడిపోకూడదని ముడి మీద ఇంకో ముడి వేశాను.

నీళ్లలోకి దిగగానే డబ్బా భలే తేలింది. చెల్లె కాళ్లు తపతపా కొడుతూ, "అక్కా, నేను నీకంటే పైకున్న!" అని కేరింతలు కొట్టింది. నేను బుర్రను చంక కింద పట్టుకుని దాని పక్కనే ఉన్నాను. ఇక మార్చుకుందామని నోరు తెరిచేంతలో, "అక్కా, వీపు మండుతున్నది" అంది. సుతిలి ఒరుసుకుంటోందనుకున్నాను. ఇంకో క్షణానికి అది పెట్టిన కేక నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. నీళ్ల మీద నూనె లాంటిది పసుప్పచ్చగా పరుచుకుంటోంది. పోయిందనుకున్న వాసన గుప్పున కొట్టింది. మూత నేను వంకరగా తిప్పాను, అక్కడి నుంచి కారుతోంది. చెల్లె చేతులు వెనక్కి పెట్టి వీపు గీరుకుంది, ఆ చేతులతోనే కళ్లు నలుపుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది. డబ్బా విప్పితే చెల్లె మునుగుతుంది. విప్పకపోతే కాలుతుంది. ఎట్లా ఈదానో తెలియదు, దాని జడ పట్టుకుని మెట్ల దాకా లాగాను. మొల లోతు నీళ్లలో నిలబెట్టి ముడి విప్పబోయాను. తడిసిన సుతిలి బిగుసుకుపోయింది. గోళ్లు పెట్టాను, రాలేదు. పళ్లతో కొరికాను, నాలుక భగ్గుమంది. చెల్లె కళ్లు గట్టిగా మూసుకుని చేతులు గాలిలో కొట్టుకుంటూ, "అక్కా తియ్యి, అక్కా జల్దీ తియ్యి" అంటోంది. నా చేతులతో వేసిన ముడి నా చేతులకు రావడం లేదు. ఓరి దేవుడా, చెల్లెను నేనే చంపుతున్నాను అనుకున్నాను.

అవతలి పొలం గట్టు మీద గడ్డి కోస్తున్న మా తాత కేకలు విని కొడవలితోనే పరిగెత్తుకొచ్చాడు. మెట్లు దిగి ఒక్క వేటుతో సుతిలి కోశాడు. డబ్బాను పైకి విసిరేశాడు. చెల్లెను పైకి తీసుకుపోతాడనుకున్నాను. దాన్ని చంకన పెట్టుకుని మళ్లీ నీళ్లలోకే దిగాడు. వాసన లేని అవతలి మూలకు ఈదుకుంటూ పోయి, దాని ముఖాన్ని నీళ్లలో ముంచుతూ, తీస్తూ, మళ్లీ ముంచుతూ. నాకు మతి పోయింది. "తాతా, సంపకు! దాన్ని సంపకు తాతా!" అని అరిచాను. ఆయన వినలేదు. ఎవరో చెప్పగా మా అమ్మ పసుపూ నూనే పట్టుకుని పరిగెత్తుకొస్తే, "ఏది రాయకు! కంపినీలోది మీద పడితే నీళ్లే, ఇంకోటి లేదు" అని బావిలోంచే గద్దించాడు. చిన్నాయన అన్నం తింటూ కంపెనీ కబుర్లలో ఎప్పుడో అన్న మాటట అది. ఊ కొట్టకుండా తింటూ కూర్చునే మా తాత అది గుర్తు పెట్టుకున్నాడు.

రోడ్డున పోయే లారీని ఆపి పటాన్‌చెరు దవాఖానకు తీసుకుపోయారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి చెల్లె వీపంతా మందు, రెండు కళ్ల మీదా దూది పెట్టి కట్టిన కట్టు. వీపు మానుతుందన్నారట. కళ్ల సంగతి మూడో రోజు కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నారట.

ఆ మూడు రోజులూ చెల్లె బోర్లా పడుకుని, మిట్ట మధ్యాహ్నం, "అక్కా, పొద్దుగూకిందా?" అని అడిగేది. లేదంటే, "మరి ఇంత చీకటెందుకున్నది?" అనేది. కట్టు ఉంది కదనే పిచ్చిదానా అనేదాన్ని. కట్టు విప్పాక కూడా ఇదే మాట అడిగితే ఎట్లా? బడికి దీన్ని ఎవరు తీసుకుపోతారు, దీనికి జడ ఎవరు వేస్తారు, పెద్దయ్యాక దీని గతేంటి అని లోపల లోపల వణికిపోయేదాన్ని. నాకు కళ్లు పోయినా బాగుండేదని దేవుడికి మొక్కుకున్నాను. మొక్కుకుని, నిజంగానే పోతాయేమోనని మళ్లీ భయపడ్డాను.

మొదటి రోజే మా అమ్మ చెల్లె తల నిమురుతూ, "డబ్బ ఎవరు కట్టిన్రు బిడ్డా?" అని అడిగింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. చెల్లె, "నేనే కట్టుకున్న" అంది. ఆరేళ్ల పిల్ల, కళ్లకు కట్టుతో. నేను నోరు తెరవలేదు. అమ్మ కోపమంతా చిన్నాయన మీదికి పోయింది. "తెచ్చి ఇచ్చినవ్ గదా బంగారమసొంటిది, సంబురమేనా?" అని ఒక్క మాట అని లోపలికి పోయింది. ఆయన ఆ రోజు నుంచి కంచం ముందు కూర్చోలేదు. డ్యూటీకి పోలేదు. వాకిట్లో గోడకు ఆనుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. అది చూసి కూడా నేను నోరు తెరవలేదు.

రెండో రోజు పొద్దున మా తాత నన్ను పిలిచి, "నడు, బావికాడికి పోదాం" అన్నాడు. ఆయన చేతిలో నా బుర్ర, ధోతి పట్టీ ఉన్నాయి. జేబులోంచి కోసిన సుతిలి ముక్క బయటికి కనిపిస్తోంది. నేను వేసిన ముడి దానికి అలాగే ఉంది. నన్ను బావిలో తోసేస్తాడనే అనుకున్నాను. తోసేస్తే పీడా పోతుందని కూడా అనుకున్నాను. ఆయన వెనకే నడిచాను.

నీళ్ల మీది నూనె తెట్టును అప్పటికే తోడి పారబోశారు. మెట్ల మీద కూర్చుని ఆయన నాకు వీపు తిప్పాడు. "కట్టు" అన్నాడు. బుర్ర కట్టాను. నాకు వచ్చిన ముడి ఒక్కటే, అదే వేశాను. ఆయన కళ్లు మూసుకుని, చేతులు వెనక్కి పోనిచ్చి తడుముకున్నాడు. ముడి అందలేదు. అందినా అది ఊడేది కాదు. ఆయన తిరిగి నా ముఖంలోకి చూసి, "నా ఈపుకు నా చేతులే అందుతలేవు. దానికెట్ల అందినయ్ బిడ్డా?" అన్నాడు.

తిట్టలేదు, కొట్టలేదు. నేను అక్కడే కూలబడి బోరుమన్నాను. డబ్బా మీద ఆశ, మునుగుతుందేమోనని భయం, ముందు చెల్లెకు కట్టి చూద్దామన్న నా లెక్క, మొత్తం చెప్పేశాను. చెల్లెకు ముందు కట్టానన్న మాట దగ్గర ఆయన ముఖం మారింది, అది మాత్రం నాకు గుర్తుంది. తరవాత ధోతి పట్టీ తీసుకుని, ముడి ముందుకు, ఛాతీ మీదికి తెచ్చి, ఒక కొసను మడత పెట్టి ఎట్లా దూర్చాలో చూపించాడు. కొస పట్టి లాగితే చాలు, మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. ఇన్నేళ్లూ మాకు ఆయన కట్టింది ఆ ముడేనట. మేం ఎప్పుడూ చూసుకోలేదు. "పిల్లకు ఏది కట్టినా, కండ్లు మూసుకొని తనంతల తాను ఇప్పుకునేటట్టు కట్టాలె" అన్నాడు. నాతో ఎన్నిసార్లు కట్టించాడో లెక్క లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది, నా వేళ్లు నొప్పి పుట్టాయి.

ఆఖరికి నేను కట్టిన ముడితో ఆయన కళ్లు మూసుకుని బావిలోకి దిగాడు. నడి బావిలోకి పోయి, బుర్రతో సహా నీళ్ల కిందికి మునిగాడు. నేను మెట్టు మీద ఒంటరిగా నిలబడ్డాను. బుడగలు వచ్చాయి, ఆగిపోయాయి. నా ముడి ఊడలేదా? తాతను కూడా చంపేశానా? అంతలో బుర్ర ఒక్కటే పైకి తేలింది. దాని వెనక పట్టీ, కాస్త ఆలస్యంగా మా తాత తల. ఆయన కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి. అట్లాగే తడుముకుంటూ మెట్టు దాకా వచ్చి, నా కాలు చేతికి తగిలాక తెరిచాడు. "ఊడింది" అన్నాడు. అంతే. నడుస్తూ నడుస్తూ, "నాకు చెప్పినవ్. చెప్పాల్సినోళ్లు ఇంట్ల ఉన్నరు" అన్నాడు.

నేను ముందు చిన్నాయన దగ్గరికి పోయాను. ఆయన ముందు నిలబడి, ముడి వేసింది నేనేనని చెప్పాను. అమ్మ గుమ్మంలోంచి విన్నది. నన్ను కొట్టడానికి చేయి ఎత్తి, ఆ చేత్తోనే తన నెత్తి కొట్టుకుంది. చిన్నాయన నా వైపు చూసి, "నువ్వు కట్టినవ్. ఇషం తెచ్చింది నేను గదనే" అని ఏడ్చాడు. తరవాత లేచి, ముఖానికి తువ్వాల కట్టుకుని, ఇనుము కోసే బ్లేడుతో ఆ డబ్బాను వాకిట్లో కోశాడు. లోపల అద్దంలా శుభ్రంగా ఉంది. పిడిని కోస్తే అది లోపల గుల్ల. ఆ గుల్లలో పసుప్పచ్చటి చిక్కటి నూనె ఇంకా ఒక గుక్కెడు ఉంది. ఎంత చింతపండు వేసినా అక్కడికి చేరదు, ఏ ముక్కుకూ అది అందదు. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ పూట ఒక్కొక్కరే ఇళ్లకు పోయి, తమ డ్రమ్ముల్లోని నీళ్లు పారబోశారు.

మూడో రోజు దవాఖానలో కట్టు విప్పేటప్పుడు నన్ను కూడా లోపలికి రానిచ్చారు, చెల్లె నా చేయి వదలలేదు మరి. దూది తీశారు. రెప్పలు వాచి అంటుకుపోయి ఉన్నాయి. నర్సమ్మ గోరువెచ్చని నీళ్లతో తుడిచింది. ముందు కుడి కన్ను తెరుచుకుంది. చెల్లె తల వంచి నన్ను చూసి, "అక్కా, నీ రిబ్బన్ ఊడిపోయింది" అంది. మా అమ్మ గోడకు ఆనుకుని కూలబడిపోయింది. ఎడమ కన్ను మాత్రం పూర్తిగా బాగవలేదు. ఇప్పటికీ ఆ కంటికి అంతా మంచు పట్టినట్టే కనిపిస్తుందంటుంది.

మా తాత పోయాడు, చిన్నాయన కూడా పోయాడు. మేమిద్దరం మిగిలాం, ఇద్దరమూ అమ్మమ్మలమయ్యాం. ఎండాకాలం వస్తే పిల్లలకు సామాను కొనడానికి ఇద్దరం కలిసే సంగారెడ్డి బజారుకు పోతాం. రంగు బాగుందని నేను ఏదీ కొనను. టోపీ తాడైనా, నీళ్ల సీసా పట్టీ అయినా ముందు నా మెడకు వేసుకుని చూస్తాను. ఈత జాకెట్టయితే మనవరాలికి దుకాణంలోనే తొడిగి, పట్టీలన్నీ బిగించి, "కండ్లు మూసుకో. ఇగ ఇప్పుకో" అంటాను. దుకాణమాయన విసుక్కుంటాడు, విసుక్కోనీ. పిల్లకు అదొక ఆట. కిలకిలా నవ్వుతూ చిన్న చిన్న వేళ్లతో పట్టీలు తడుముకుంటుంది. అప్పుడు మా చెల్లె పక్కనే నిలబడి నా మణికట్టు గట్టిగా పట్టుకుంటుంది. జాకెట్టు ఊడి కింద పడేదాకా ఆ పట్టు వదలదు.